లాడ్జీలో వేడినీళ్ళ ఖర్చు తగ్గించడం ఎలా: గదికో గీజరు నుంచి హీట్ పంపుకు మారే పద్ధతి, మొదటి నుంచి చివరిదాకా

తెల్లవారుజామున నాలుగింటికి లాడ్జీ మీటరు బోర్డు దగ్గర నిలబడితే వేడినీళ్ళ ఖర్చు కళ్ళారా కనిపిస్తుంది. మాది తిరుపతిలో 30 గదుల లాడ్జీ. దర్శనానికి కొండెక్కాల్సిన వాళ్ళంతా ఆ వేళకే లేచి ఒకేసారి గీజరు స్విచ్ వేస్తారు. గదికొకటి చొప్పున రెండు కిలోవాట్ల గీజర్లు 30, అంటే 60 కిలోవాట్ల లోడు. స్నానం అయ్యాక గుర్తుపెట్టుకుని ఆపేవాళ్ళు తక్కువ. తాళం చెవి కౌంటర్లో ఇచ్చి వెళ్ళిపోయిన గదిలో కూడా ఎర్ర లైటు వెలుగుతూనే ఉండేది. రూమ్ బాయ్ ఊడ్చడానికి వెళ్ళినప్పుడు చూసి ఆపాలి, అదీ అతనికి గుర్తుంటే.

ఆ 30 గీజర్ల స్థానంలో మేడ మీద ఒక హీట్ పంపు (గాలిలోని వేడిని లాగి నీళ్ళు కాచే మెషిన్), ఒక పెద్ద ట్యాంకు పెట్టాం. ఆ పనిలో కొన్ని సరిగ్గా చేశాం, కొన్నిటికి రెండుసార్లు ఖర్చు పెట్టాం. ఇదే పని మీరు చేయబోతుంటే ఏది ముందు, ఏది వెనక అన్నది ఇక్కడ రాస్తున్నాను. చాలామంది మెషిన్ కొనడంతో మొదలుపెడతారు. నన్నడిగితే ముందు నీళ్ళు కొలవాలి, తర్వాత వృథా ఆపాలి, ఆ తర్వాత పైపులు. మెషిన్ ఆఖరున.

ఒక సంగతి మొదటే చెప్పాలి. పది గదుల లోపు లాడ్జీ అయితే సెంట్రల్ సిస్టమ్ జోలికి పోవద్దు. పైపుల్లో పోయే వేడే మిగులును తినేస్తుంది. అలాంటి చోట ఐదు నక్షత్రాల గీజర్లు పెట్టి, కౌంటర్ నుంచి ఆపగలిగేలా స్విచ్‌లు వేయించుకుంటే చాలు. హాస్టళ్ళు, నర్సింగ్ హోములు, 20 గదులు దాటిన లాడ్జీలు, రోజూ పెళ్ళిళ్ళుండే ఫంక్షన్ హాళ్ళు మాత్రం కింద చెప్పిన దారిలో వెళ్ళొచ్చు.

మొదటి మెట్టు: నీళ్ళు కొలవండి

మొత్తం పనికి ఒకే ఒక్క సూత్రం చాలు. లీటరు నీళ్ళు ఒక డిగ్రీ వేడెక్కడానికి ఒక కిలోకేలరీ కావాలి. ఒక యూనిట్ కరెంటులో 860 కిలోకేలరీలు ఉంటాయి. కాబట్టి లీటర్లను పెరగాల్సిన డిగ్రీలతో గుణించి 860తో భాగిస్తే ఎన్ని యూనిట్లో వస్తుంది. 25 లీటర్ల గీజరులో 25 డిగ్రీల నీళ్ళు 60కి చేరాలంటే 25ను 35తో గుణించి 860తో భాగించండి, దాదాపు ఒక యూనిట్. రెండు కిలోవాట్ల గీజరుకు అరగంట పని. ఈ సూత్రం నోటికొస్తే ఏ అమ్మకందారు చెప్పే లెక్కనైనా అక్కడికక్కడే సరిచూడొచ్చు.

ఇప్పుడు మనిషికి ఎన్ని నీళ్ళు? నేను ఒక ఖాళీ గదిలో 20 లీటర్ల బకెట్, వంటింటి థర్మామీటర్, సెల్‌ఫోన్ స్టాప్‌వాచ్ పెట్టుకుని కూర్చున్నాను. ఒంటికి హాయిగా అనిపించే వేడి 40, 42 డిగ్రీల మధ్య ఉంటుంది. 60 డిగ్రీల నీళ్ళలో 25 డిగ్రీల చన్నీళ్ళు కలిపితే బకెట్‌లో వేడినీళ్ళ వాటా సగం కూడా ఉండదు, సుమారు 9 లీటర్లు. బకెట్‌న్నర, రెండు బకెట్లతో స్నానం ముగించేవాళ్ళకు 14 నుంచి 18 లీటర్ల వేడినీళ్ళు సరిపోతాయి. షవర్ అయితే లెక్క మారిపోతుంది. మా పాత షవర్ కింద అదే బకెట్ పెడితే నిమిషంన్నరలో నిండింది, అంటే నిమిషానికి 13 లీటర్లు. ఎనిమిది నిమిషాలు నిలబడితే వంద లీటర్లు దాటుతుంది.

గదికి ముగ్గురు, 30 గదులు నిండితే 90 మంది, మనిషికి 16 లీటర్లు. 1,440. దాన్ని 1,500 అనుకున్నాం. ఇది కార్తీక మాసపు లెక్క, నిండుగా ఉన్న రోజు లెక్క.

ఊహ చాలదు, మీటరుతో కూడా చూడండి. మూడు గదుల్లో గీజరు లైనుకు చిన్న డిజిటల్ సబ్ మీటర్ పెట్టించి రెండు వారాలు రీడింగ్ రాయించండి. ఎలక్ట్రీషియన్ గంటలో బిగిస్తాడు. ఎవరూ దిగని రోజున గీజరు ఆపకుండా వదిలేసి ఎన్ని యూనిట్లు కాలుతుందో తప్పకుండా చూడాలి. ఆ అంకె పూర్తిగా వృథా. ఎంత మంది దిగారు, ఎన్ని యూనిట్లు కాలాయి, ఆ రోజు చన్నీళ్ళ వేడి ఎంత, ఈ మూడూ ఒక నోటుబుక్కులో రాసి పెట్టుకోండి. అన్నీ అయ్యాక మళ్ళీ అదే పుస్తకం తెరవాల్సి వస్తుంది.

రెండో మెట్టు: కొనక ముందే తగ్గించండి

ఇక్కడ పెట్టే ప్రతి రూపాయి తర్వాత కొనే మెషిన్ సైజును తగ్గిస్తుంది. షవర్లు నిమిషానికి ఏడెనిమిది లీటర్లవి మార్చాం. బాగా ఎంచుకుంటే గెస్టులకు తేడా తెలియదు. ధార సన్నగా పడితే మాత్రం గొడవ చేస్తారు, అందుకే ముందు ఒక గదిలో పెట్టి చూడండి. వేడినీళ్ళ కుళాయిలు కారడం ఆపించండి. గీజర్ల థర్మోస్టాట్ 75 దగ్గర ఉంటే 60కి దించండి. ఒక్క దించడంతోనే ఖాళీగా ఉన్నప్పుడు పోయే వేడి బాగా తగ్గుతుంది, లోపల సున్నం పేరుకోవడమూ నెమ్మదిస్తుంది.

హోటల్ వంటగది కూడా ఉంటే అంట్లు తోమే దగ్గర చూడండి. కుళాయి తిప్పి వదిలేసి కడిగే అలవాటు ఉన్న చోట రెండు తొట్ల పద్ధతి పెడితే వేడినీళ్ళ వాడకం సగానికి సగం పడిపోతుంది.

మూడో మెట్టు: బోరు నీళ్ళు పరీక్ష చేయించండి

నేను అన్నిటికన్నా ఎక్కువ పట్టుబట్టేది ఇక్కడ. ఎలిమెంట్ కాలిపోయిందని విప్పిన ఒక గీజరు నాకింకా గుర్తుంది. ఎలిమెంట్ చుట్టూ తెల్లటి పొర రూపాయి బిళ్ళ మందాన పట్టుకుని ఉంది. స్క్రూడ్రైవర్‌తో తడితే కోడిగుడ్డు పెంకులా పెచ్చులు పెచ్చులుగా రాలింది. ట్యాంకు అడుగున అవే పెచ్చులు గుప్పెడు. ఆ పొర మధ్యలో ఉంటే వేడి నీటికి చేరదు. ఎలిమెంట్ లోపలే మాడిపోతుంది.

తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం గట్టిదనం, అంటే ఇలా సున్నం పేరుకునేలా చేసే లవణాలు, లీటరుకు 200 మిల్లీగ్రాములు మించకపోవడం మంచిది, వేరే నీళ్ళు దొరకకపోతే 600 వరకు ఒప్పుకుంటారు. రాయలసీమలో, తెలంగాణ జిల్లాల్లో ఎన్నో బోర్లు 200 దాటేస్తాయి. టీడీఎస్ పెన్ను చూపించే అంకె నీళ్ళలో కరిగిన మొత్తం లవణాలది, గట్టిదనం కాదు, ఆ రెంటినీ కలిపేయొద్దు. ల్యాబులో గట్టిదనం అని ప్రత్యేకంగా అడిగి చేయించండి.

అంకె 200 లోపే ఉంటే నిశ్చింత. 200, 400 మధ్య ఉంటే ఏడాదికోసారి లోపల కడిగించుకునే వీలున్న మెషిన్ తీసుకోండి. అంతకు మించితే వేడినీళ్ళ లైనుకు మాత్రం ఉప్పుతో నడిచే సాఫ్ట్‌నర్ పెట్టండి. బిల్డింగ్ మొత్తానికీ పెట్టాల్సిన పని లేదు, ఉప్పు ఖర్చు దండగ. సన్నని సందుల ప్లేట్ ఎక్స్‌ఛేంజర్ (వేడిని నీళ్ళకు అందించే భాగం) ఉన్న హీట్ పంపులు గట్టినీళ్ళకు త్వరగా మూసుకుపోతాయి. ట్యాంకు చుట్టూ కాయిల్ చుట్టినవి, కడగడానికి విడిగా వాల్వులున్నవి ఎక్కువ కాలం నడుస్తాయి.

నాలుగో మెట్టు: ఏ మెషిన్?

వెయ్యి లీటర్ల నీళ్ళను 25 నుంచి 60 డిగ్రీలకు తేవడం అనే ఒకే పనికి ఏది ఎంత తింటుందో పక్కపక్కన పెట్టి చూడండి. మామూలు గీజరుకు 41 యూనిట్ల కరెంటు. గ్యాస్ బాయిలర్‌కు, 80 శాతం సామర్థ్యం అనుకుంటే, సుమారు 4 కిలోల ఎల్పీజీ, అంటే 19 కిలోల కమర్షియల్ సిలిండర్ అయిదు వేల లీటర్లకు కాస్త తక్కువ వస్తుంది. డీజిల్ అయితే అయిదు లీటర్లు. హీట్ పంపుకు 12 నుంచి 14 యూనిట్లు. మీ ఊరి ధరలు వీటికి వేసుకోండి, తేడా మీకే తెలుస్తుంది.

హీట్ పంపు కరెంటుతో వేడిని పుట్టించదు. ఏసీ లోపలి వేడిని బయటికి తోసినట్టే, ఇది బయటి గాలిలోని వేడిని లాగి నీళ్ళలోకి తోస్తుంది. ఒక యూనిట్ కరెంటుకు మూడు, నాలుగు యూనిట్ల వేడి ఇస్తుంది. ఈ నిష్పత్తినే సీఓపీ అంటారు. గాలి ఎంత వెచ్చగా ఉంటే అంత బాగా పనిచేస్తుంది, కాబట్టి మన ఎండలు దీనికి వరం. అరకు, లంబసింగి లాంటి చోట్ల చలికాలం తెల్లవారుజామున మాత్రం సీఓపీ పడిపోతుంది. అక్కడ కాస్త పెద్దది తీసుకుని మధ్యాహ్నమే వేడిచేసి పెట్టుకోవాలి.

సోలార్ సంగతి చాలామంది అడుగుతారు. మంచిదే. వంద లీటర్లకు రెండు చదరపు మీటర్ల ప్లేటు ఉజ్జాయింపు. ప్లేటును దక్షిణానికి తిప్పి మీ ఊరి అక్షాంశానికి పది, పదిహేను డిగ్రీలు ఎక్కువ వాలుగా పెడితే చలికాలంలో బాగా పట్టుకుంటుంది. తిరుపతికి అది 25 నుంచి 28 డిగ్రీలు, హైదరాబాదుకు 30 దగ్గర. అయితే పుణ్యక్షేత్రాల లాడ్జీలకు నా అభ్యంతరం ఒకటుంది. మాకు వేడినీళ్ళ గిరాకీ ఉండేది కార్తీకంలో. నెల్లూరు, తిరుపతి వైపు మబ్బు, ముసురు, వాయుగుండాలు వచ్చేదీ అప్పుడే. ఎండ దంచికొట్టే మే నెలలో మేడ మీద నీళ్ళు మరిగిపోతుంటే కింద అడిగేవాడుండడు. అదే జాగాలో సోలార్ కరెంటు ప్యానెళ్ళు పెడితే మేలో ఆ కరెంటు ఏసీలకు పోతుంది, చలికాలంలో మధ్యాహ్నం పూట హీట్ పంపును నడుపుతుంది. ఏడాది పొడుగునా ఒకేలా నీళ్ళు వాడే ఆసుపత్రులు, హాస్టళ్ళకు మాత్రం సోలార్ హీటర్ నిజంగా గిట్టుబాటు. కోతులున్న ఊళ్ళలో గాజు ట్యూబులు వద్దు, పైన మందపాటి గాజున్న ప్లేట్లు తీసుకోండి. ప్లేట్ల మీద ఐఎస్ 12933 గుర్తు చూడండి.

సబ్సిడీ వస్తుందని చెప్పి అమ్మేవాళ్ళు ఇంకా ఉన్నారు. సోలార్ వాటర్ హీటర్లకు కేంద్రం ఇచ్చే సబ్సిడీ 2014లోనే ఆగింది. మేడ మీది సోలార్ కరెంటుకు సబ్సిడీ ఇచ్చే పీఎం సూర్యఘర్ ఇళ్ళకే, వ్యాపారాలకు కాదు. ఇక 100 కిలోవాట్లు, అంతకు మించిన కనెక్టెడ్ లోడుతో కొత్త హోటలో ఆసుపత్రో కడుతుంటే ఈసీబీసీ (భవనాల్లో ఇంధన పొదుపు కోడ్) నియమాలు వేడినీళ్ళలో కొంత వాటా సోలార్‌తోనే రావాలంటాయి. ప్లాన్ గీసేటప్పుడే ఆర్కిటెక్ట్‌తో మాట్లాడండి.

మీ దగ్గర ఇప్పటికే బయటికి పోతున్న వేడి ఉందేమో కూడా చూసుకోండి. పెద్ద ఏసీ ప్లాంటు ఉన్న హోటళ్ళలో కంప్రెసర్ నుంచి వచ్చే వేడిని డీసూపర్‌హీటర్‌తో పట్టి నీళ్ళు కాచుకోవచ్చు. పాల శీతలీకరణ కేంద్రాల్లో 35 డిగ్రీల పాలను 4కు దించుతూ ఆ వేడినంతా ఫ్యాన్‌తో ఊదేస్తుంటారు, పక్కనే క్యాన్లు కడగడానికి గ్యాస్ మీద నీళ్ళు కాగుతుంటాయి. చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

గ్యాస్ గీజర్ల గురించి ఒక్క మాట. బాత్రూం లోపల ఇన్‌స్టంట్ గ్యాస్ గీజరు ఎట్టి పరిస్థితుల్లోనూ పెట్టొద్దు. మూసిన గదిలో కార్బన్ మోనాక్సైడ్ వాసన లేకుండా చంపేస్తుంది.

అయిదో మెట్టు: సైజు తేల్చడం

హీట్ పంపు నిదానంగా కాస్తుంది. అందుకే మెషిన్, ట్యాంకు రెండూ కలిపి లెక్కగట్టాలి. మా 1,500 లీటర్లలో 1,050 దాకా తెల్లవారి నాలుగు నుంచి ఎనిమిది లోపే ఖర్చవుతాయి. వేడినిచ్చే సామర్థ్యం 15 కిలోవాట్లున్న మెషిన్ గంటకు 15ను 860తో గుణించి 35తో భాగిస్తే 370 లీటర్ల దాకా ఇస్తుంది. అది లాగే కరెంటు నాలుగు, అయిదు కిలోవాట్లే. కొటేషన్‌లో రాసిన కిలోవాట్లు ఇచ్చే వేడివా, లాగే కరెంటువా అని అడగండి. ఈ రెంటినీ తారుమారు చేసి చెప్పేవాళ్ళు ఎక్కువ.

ట్యాంకులో పైనుంచి వేడినీళ్ళు తీస్తుంటే కిందనుంచి చన్నీళ్ళు వస్తాయి, కాబట్టి ట్యాంకులో మూడొంతుల నీళ్ళే పనికొస్తాయని లెక్కించండి. వెయ్యి లీటర్ల ట్యాంకులో 750, మెషిన్ నాలుగు గంటల్లో ఇచ్చే 1,480, కలిపితే మా అవసరానికి రెట్టింపు. లెక్క ప్రకారం వెయ్యి లీటర్లది చాలు. అయినా నేను 1,500 లీటర్లది తీసుకున్నాను. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగు దాకా గాలి బాగా వెచ్చగా ఉన్నప్పుడే కాచి దాచుకుంటే తక్కువ కరెంటుతో పనవుతుంది. తెల్లవారి మూడున్నరకు మెషిన్ మళ్ళీ లేచి కాస్త వేడి నిలబెడితే సరి. మీ బిల్లులో సమయాన్ని బట్టి రేటు మారుతుంటే ఈ పద్ధతి ఇంకా కలిసొస్తుంది.

ఆరో మెట్టు: జాగా, స్లాబ్, పైపులు

1,500 లీటర్ల ట్యాంకు నీళ్ళతో కలిపి రెండు టన్నులకు దగ్గర పడుతుంది. దాన్ని స్లాబ్ మధ్యలో పెట్టకూడదు. పిల్లర్లు, బీముల మీద ఐరన్ ఫ్రేమ్ వేసి పెట్టాలి, ఇంజినీరుకు చూపించాలి. హీట్ పంపుకు చుట్టూ గాలి ఆడాలి. మూల గదిలో తోసేస్తే తాను ఊదిన చల్లగాలినే తాను పీల్చుకుని సీఓపీ పడిపోతుంది. దాన్నుంచి చుక్కచుక్కగా నీళ్ళు కారతాయి, వాటికొక పైపు వేయించండి. కింద పడకగది ఉంటే రబ్బరు ప్యాడ్లు తప్పనిసరి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్ళలో తుప్పు పట్టని పూత ఉన్న కాయిలే అడగండి.

వేడినీళ్ళ ట్యాంకు ఓవర్‌హెడ్ ట్యాంకు కన్నా కింద ఉండాలి, అప్పుడే చన్నీళ్ళు వాటంతటవే దిగుతాయి, కుళాయిలో వేడి, చల్లని ధారలకు ఒకే ఒత్తిడి ఉంటుంది. చన్నీళ్ళు వచ్చే చోట నీళ్ళను వెనక్కి పోనివ్వని నాన్ రిటర్న్ వాల్వ్, ట్యాంకు పైన వెంట్ పైపు ఓవర్‌హెడ్ ట్యాంకు నీటి మట్టం కన్నా ఎత్తుకు, ఒత్తిడితో నడిచే ట్యాంకైతే సేఫ్టీ వాల్వ్. వీటిని ఖర్చు తగ్గించుకోవడానికి వదిలేసేవాళ్ళను నేను చూశాను. వేడెక్కిన నీళ్ళు వ్యాకోచిస్తాయి. దారి లేకపోతే ట్యాంకు పగులుతుంది.

మేం దెబ్బతిన్నది పైపుల్లో. గదుల్లో కుళాయి తిప్పగానే వేడినీళ్ళు రావాలంటే పైపులో నీళ్ళు తిరుగుతూ ఉండాలి. అందుకోసం రిటర్న్ లైను, చిన్న పంపు పెడతారు. మాకు పని చేసినవాళ్ళు పోయే లైనుకు ఇన్సులేషన్ చుట్టారు, 60 మీటర్ల రిటర్న్ లైనును ఊరికే వదిలేశారు, పంపును 24 గంటలూ ఆడించేశారు. మొదటి నెల బిల్లు అనుకున్నంత తగ్గలేదు. ఒకరోజు మధ్యాహ్నం రెండింటికి, సగం గదులు ఖాళీగా ఉన్నప్పుడు, డక్టు తలుపు తీసి చేయి పెట్టి చూశాను. వాడేవాడు లేకపోయినా ఆ పైపు చేయి పెట్టలేనంత వేడిగా ఉంది. డక్టంతా ఉక్కపోత. లెక్కేసి చూస్తే అంగుళం పైపు ఇన్సులేషన్ లేకుండా మీటరుకు 30 వాట్ల దాకా వదులుతుంది. 60 మీటర్లు, 24 గంటలు, 43 యూనిట్ల వేడి. మెషిన్ దాన్ని నింపడానికి రోజుకు 14 యూనిట్ల కరెంటు లాగుతోంది. 90 మంది స్నానాలకు 20 యూనిట్లు, ఉత్త పైపుకు 14.

19 మిల్లీమీటర్ల నైట్రైల్ రబ్బరు చుట్టించాక ఆ నష్టం మూడో వంతు కన్నా దిగువకు వచ్చింది. పంపుకు టైమర్ పెట్టి తెల్లవారి మూడున్నర నుంచి తొమ్మిది, సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా మాత్రమే ఆడిస్తున్నాం. తిరిగొచ్చే నీళ్ళు 45 డిగ్రీలుంటే పంపు తానే ఆగేలా చిన్న థర్మోస్టాట్ కూడా పెట్టాం. ఎండ తగిలే చోట రబ్బరు రెండేళ్ళలో పొడి పొడి అవుతుంది, పైన అల్యూమినియం రేకు చుట్టించండి. వంపులు, వాల్వులు, జాయింట్లు కూడా వదలొద్దు. మామూలు పీవీసీ వేడికి మెత్తబడుతుంది, సీపీవీసీ లేదా పీపీఆర్ వాడండి.

ఏడో మెట్టు: కరెంటు

30 గీజర్లు పోతే 60 కిలోవాట్ల కనెక్టెడ్ లోడు పోయినట్టే. వాటి చోట అయిదు కిలోవాట్లు వస్తుంది. ఎల్‌టీ రెండో కేటగిరీలో (వ్యాపార కనెక్షన్లు) ఫిక్స్‌డ్ చార్జీ కిలోవాట్ల మీదే పడుతుంది, కాబట్టి లోడు తగ్గింపుకు డిస్కం ఆఫీసులో దరఖాస్తు పెట్టడం మర్చిపోవద్దు. తొందరపడీ పెట్టొద్దు. ఒక పూర్తి సీజను నడిచి, ఏసీలతో కలిపి అత్యధికంగా ఎంత లాగుతోందో బిల్లులో చూసుకున్నాకే తగ్గించుకోండి. హీట్ పంపుకు విడిగా సబ్ మీటర్, ఎర్తింగ్, ఫేజ్ పోయినా వోల్టేజ్ పడినా కాపాడే రిలే ఉండాలి. కరెంటు పోయినప్పుడు జనరేటర్ మీద నడపాలా వద్దా అన్నది ట్యాంకు సైజు చెబుతుంది. పెద్ద ట్యాంకుంటే అక్కర్లేదు.

ఎనిమిదో మెట్టు: కొటేషన్

కనీసం మూడు తీసుకోండి, మూడింటికీ ఒకే కాగితం ఇవ్వండి: రోజుకు ఎన్ని లీటర్లు, ఏ డిగ్రీల నుంచి ఏ డిగ్రీలకు, ఏ గంటల్లో, నీటి గట్టిదనం ఎంత, పైపు పొడవు ఎంత. అప్పుడే పోల్చడం కుదురుతుంది. సీఓపీ ఏ గాలి వేడి దగ్గర, ఏ నీటి వేడి దగ్గర ఇస్తున్నారో రాయించుకోండి. నీళ్ళు 45 డిగ్రీలకే చాలనుకుని చెప్పిన సీఓపీ 60కి నిలవదు. కంప్రెసర్‌కు ఎన్నేళ్ళ గ్యారంటీ, ట్యాంకుకు ఎన్నేళ్ళు, సర్వీసు మనిషి ఎంత దూరం నుంచి వస్తాడు, ఇవి ధరకన్నా ముఖ్యం. పదో వంతు డబ్బు ఆపుకుని, సీఓపీ పరీక్షలో నెగ్గాకే ఇస్తామని ఒప్పందంలో రాయండి.

డబ్బు లెక్క నిజాయితీగా వేసుకోండి. 1,500 లీటర్లకు గీజర్లయితే 61 యూనిట్లు, హీట్ పంపుకు 20, పైపు నష్టాలకు రెండు. మిగిలేది 39. యూనిట్ పది రూపాయలనుకుంటే రోజుకు 390. అమ్మేవాళ్ళు దీన్ని 365తో గుణించి లక్షా నలభై వేలు చూపిస్తారు. అది తప్పు. ఎండాకాలం చన్నీళ్ళే 32 డిగ్రీలుంటాయి, సగం మంది వేడినీళ్ళు తిప్పరు. చలికాలపు నాలుగు నెలలు పూర్తి లెక్క, వానాకాలం మూడింట రెండొంతులు, ఎండాకాలం మూడో వంతు వేసుకుంటే ఏడాదికి 240 రోజుల పనే. అంటే 94 వేలు. ఇన్సులేషన్, టైమరు, కరెంటు పని అన్నీ కలిపి అయిదు లక్షలైతే తిరిగి రావడానికి అయిదేళ్ళు పైనే. ఫిక్స్‌డ్ చార్జీ తగ్గింపు, మాడిపోయే ఎలిమెంట్లు, గీజర్ల రిపేర్లు కలుపుకుంటే ఇంకాస్త ముందే వస్తుంది. గదులు ఎప్పుడూ సగం కూడా నిండని చోట ఈ లెక్క కుదరదు, అది ముందే తెలుసుకోవడం మంచిది.

జీఎస్టీతో కలిపిన ధరనే ఖర్చుగా రాసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి 7,500 రూపాయల లోపు గది అద్దెల మీద 5 శాతం పన్ను, ఇన్‌పుట్ క్రెడిట్ లేదు, అంటే మనం కొన్నవాటి మీద కట్టిన జీఎస్టీ తిరిగి సర్దుకోలేం. సోలార్ పరికరాలకు ఆదాయ పన్నులో తరుగుదల రేటు ఎక్కువ ఉంటుంది, ఆడిటర్‌ను కొనకముందే అడగండి.

తొమ్మిదో మెట్టు: మార్పిడి, పరీక్ష

ఒకేసారి అన్ని గదులూ మార్చొద్దు. మేం ఒక్కో అంతస్తు చొప్పున, వానాకాలంలో గిరాకీ తక్కువున్నప్పుడు మార్చాం. మొదటి చలికాలం అయ్యేదాకా ప్రతి అంతస్తులో రెండు పాత గీజర్లు అలాగే ఉంచండి. హీట్ పంపు మొరాయించిన రోజున కౌంటర్ దగ్గర నిలబడాల్సింది మీరే. ట్యాంకులో ఆరు కిలోవాట్ల అదనపు ఎలిమెంట్ పెట్టించుకోవచ్చు. దాని స్విచ్ మాత్రం మీ చేతిలోనే ఉండాలి, ఆటోమేటిక్‌గా ఉంటే మీకు తెలియకుండా అదే నీళ్ళు కాచేస్తుంటుంది, బిల్లు మళ్ళీ పాత చోటికే వస్తుంది.

సీఓపీ పరీక్ష మీరే చేయొచ్చు. ట్యాంకు నిండా చన్నీళ్ళు పట్టి వేడి కొలవండి. అన్ని కుళాయిలూ కట్టేసి, రిటర్న్ పంపు ఆపి, మెషిన్ వేయండి. 60కి చేరాక సబ్ మీటర్ చూడండి. 1,500 లీటర్లు 25 నుంచి 60కి వస్తే వేడి 61 యూనిట్లు. మీటరులో 18 కాలితే సీఓపీ 3.4. 25 కాలితే మెషిన్ చెప్పినంత ఇవ్వడం లేదు, డబ్బు ఆపండి.

ఆ తర్వాత పైఅంతస్తు చివరి గదిలో కుళాయి తిప్పి వేడినీళ్ళు రావడానికి ఎన్ని సెకన్లు పడుతుందో చూడండి. మాకు మొదట 50 సెకన్లు పట్టింది, రిటర్న్ లైన్లలో వాల్వులు సరిచేశాక పదిహేనుకు దిగింది.

రోజువారీ నడక

కరెంటు మిగులుతుందని ట్యాంకును 45 దగ్గర నిలబెట్టొద్దు. 20, 45 డిగ్రీల మధ్య నిలవ నీళ్ళలో లీజియోనెల్లా బ్యాక్టీరియా పెరుగుతుంది, షవర్ తుంపరలతో ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా తెస్తుంది. ట్యాంకు 60 ఉండాలి. వారాల తరబడి తెరవని గదుల కుళాయిలు అతిథి దిగే ముందు అయిదు నిమిషాలు వదలాలి. అయితే 60 డిగ్రీల నీళ్ళు కొన్ని సెకన్లలోనే ఒళ్ళు కాలుస్తాయి. నర్సింగ్ హోముల్లో, వృద్ధాశ్రమాల్లో, చిన్నపిల్లల హాస్టళ్ళలో కుళాయికి ముందు వేడిని తానే కట్టడి చేసే మిక్సింగ్ వాల్వ్ పెట్టి తీరాలి.

నెలకోసారి హీట్ పంపు రెక్కల మీది దుమ్ము నీళ్ళతో కడగాలి. మూడు నెలలకోసారి ట్యాంకు అడుగు వాల్వ్ తిప్పి మడ్డి వదలాలి. ఏడాదికోసారి మెగ్నీషియం కడ్డీ విప్పి చూడాలి. ట్యాంకుకు పట్టాల్సిన తుప్పును అది తినేస్తుంది. బొటనవేలి లావు కడ్డీ పెన్సిల్ అంత సన్నబడితే మార్చేయండి, ఖర్చు కొద్దే. అది అయిపోయాక తుప్పు ట్యాంకుకే పడుతుంది.

ఇక ఆ నోటుబుక్కు. ప్రతి సోమవారం సబ్ మీటర్ రీడింగ్, ఆ వారం దిగిన మనుషుల సంఖ్య రాయించండి. మనిషికి ఎన్ని యూనిట్లో భాగించి పక్కన రాయించండి. మాకు చలికాలంలో అది పావు యూనిట్ దగ్గర నిలబడింది. అది 0.4 అయిన వారం మేడెక్కి చూస్తే అదనపు ఎలిమెంట్ స్విచ్ ఎవరో వేసి మర్చిపోయారు.